చట్టీలో ఒక రాత్రి

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఎండాకాలం వచ్చిందంటే చాలు, మన ఇళ్ళల్లో యాత్రల ముచ్చట్లు మొదలవుతాయి. మొన్న మా పక్కింటావిడ కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్ళాలని యాత్రలు నడిపేవాళ్ళకి ఫోను చేసింది. ఆవిడ వేసిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ''రాత్రి బస ఎక్కడ? గదిలో వేణ్ణీళ్ళు వస్తాయా?'' అని. దేవుడి దర్శనం ఎన్ని గంటలకో తర్వాత అడిగింది. పక్కనే వున్న వాళ్ళాయన నవ్వాడుగానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. ఊరు కదిలిన ఆడదానికి చీకటి పడేసరికి తల ఎక్కడ దాచుకోవాలన్నదే మొదటి దిగులు. ఈనాడే కాదు, ఏనాడూ అంతే.

మా అమ్మమ్మ కేదారం నడిచి వెళ్ళివచ్చిన మనిషి. కొండ కింది దాకా మోటార్లు ఇంకా రాని రోజులవి. ''కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే'' అని సామెత వుండేది కదా, కాశీకే అలా అంటే దానికి ఎంతో పైన మంచుకొండల్లో వున్న కేదారం సంగతి చెప్పాలా! ఆవిణ్ణి మేము చిన్నప్పుడు ''అమ్మమ్మా, అక్కడ ఏం చూశావు?'' అని అడిగితే గుడి గురించి రెండు ముక్కలు చెప్పి, చట్టీల గురించి గంటసేపు చెప్పేది. ఇవాళ మీతో ఆ చట్టీల కథ చెప్పుకుందామని వచ్చాను.

మనకు చట్టి అంటే వంట చేసుకునే కుండ. గఢ్వాల్ కొండల్లో చట్టీ అంటే యాత్రికులు రాత్రి తలదాచుకునే మజిలీ. హనుమాన్ చట్టీ, జానకీ చట్టీ, గరుడ్ చట్టీ, జంగల్ చట్టీ అని ఇప్పటికీ ఆ దారుల్లో ఊళ్ళ పేర్లు వినిపిస్తాయి. అవన్నీ ఒకప్పటి మజిలీలే. రెండు మాటలూ ఒకటి కాకపోయినా, ఆ చట్టీలో సగం వంటిల్లే కాబట్టి మన చట్టి గుర్తుకొస్తే తప్పేమీ లేదు.

ముందు ఆ దారి ఎలాంటిదో చూద్దాం. హరిద్వారంలో స్నానం చేసి ఋషికేశం, లక్ష్మణ ఝూలా దాటి గంగ వెంబడి కొండల్లోకి నడవాలి. దేవప్రయాగ, శ్రీనగరం, రుద్రప్రయాగ. ఈ శ్రీనగరం కాశ్మీరుది కాదు, గఢ్వాల్ రాజులు ఏలిన ఊరు. రుద్రప్రయాగలో దారి రెండుగా చీలుతుంది. ఎడమ పాయ మందాకిని, దాని వెంట వెళితే గుప్తకాశి, గౌరీకుండం, కేదారం. కుడి పాయ అలకనంద, దాని వెంట వెళితే చమోలీ, జోషీమఠం, బదరి. రెండు క్షేత్రాలూ చూసుకుని కిందికి దిగేసరికి నెలా నెలన్నర పట్టేది. మంచు కరిగి గుళ్ళు తెరిచే వైశాఖం నుంచి మళ్ళీ మూసేసే దీపావళి రోజుల దాకానే యాత్ర. శాస్త్రం ప్రకారం పుణ్యం పూర్తిగా దక్కాలంటే ప్రతి అడుగూ నడవాలి, అదీ చెప్పులు లేకుండా. నడవలేని ముసలివాళ్ళను కండీ అనే బుట్టలో కూర్చోబెట్టి కూలీ వీపున మోసుకుపోయేవాడు. కాస్త కలిగినవాళ్ళకు నలుగురు మోసే డాండీ.

ఇంత దూరాన వున్న ఆ గుళ్ళకు మన దక్షిణాదితో చుట్టరికం కొత్తదేమీ కాదు. బదరిలో పూజ చేసే రావల్ కేరళ నంబూద్రి. కేదారం రావల్ కర్ణాటక ప్రాంతపు వీరశైవుడు. అందుకే మద్రాసు రాజధాని జిల్లాల నుంచి కూడా జనం ఆ కొండలెక్కేవారు.

అసలు ఆ దారి వేసిందెవరు? గఢ్వాల్ రాజుల కాలం నుంచీ కొన్ని పల్లెల శిస్తును యాత్రికుల అన్నదానానికని విడిచిపెట్టే ఆచారం వుండేది. దాన్ని అక్కడ సదాబర్త్ అనేవారు. మన సదావర్తి మాటే అది! మన వైపు సదావర్తి సత్రాలకు మాన్యాలు రాసినట్టే అన్నమాట. 1815లో గూర్ఖాలను ఓడించి ఆ కొండలు చాలా భాగం కుంఫిణీ వారు తీసుకున్నారు. కుమావూఁ కమిషనరు ట్రెయిల్ దొర ఈ సదాబర్త్ సొమ్ము మిగులు చూసి, 1820ల చివర నుంచి దాన్ని కేదార బదరీ దారి బాగుచేయడానికి మళ్ళించాడు. అంతవరకూ చాలాచోట్ల అది మేకలు నడిచే దారే. నది దాటాలంటే గడ్డితో పేనిన తాళ్ళ వంతెన మీద ఊగుకుంటూ పోవాలి. చూశారా, అన్నం కోసమని పెద్దలు విడిచిన సొమ్ముతోనే దారి కూడా పడింది. దారి పడ్డాక జనం పెరిగారు. జనం పెరిగాక చట్టీలు పెరిగాయి.

చట్టీ అంటే ఏదో మేడ అనుకునేరు. మూడు వైపులా రాళ్ళ గోడ, దారి వైపు బార్లా తెరిచిన పొడుగాటి పాక. పైన గడ్డి గానీ, పలకరాళ్ళు గానీ. లోపల మట్టి, పేడ కలిపి అలికిన నేల. వరసగా మట్టిపొయ్యిలు. ఒక కొసన చట్టీవాడి కొట్టు. అంతే. తలుపు వుండదు, మంచం వుండదు, దీపం మీదే. కొండదారి ఎక్కుడూ దిగుడూ చూసి కొద్ది కొద్ది మైళ్ళకొకటి చొప్పున ఇలాంటివి వుండేవి. ముసలమ్మ కూడా పూటకు ఒక చట్టీ దాటగలిగేటట్టు.

ఇక ఆ బసకి అద్దె ఎంతో తెలుసా? ఒక్క కానీ కూడా లేదు. పడుకునే చోటు ఉచితం. వంటపాత్రలు కూడా చట్టీవాడే ఇస్తాడు. అయితే వెచ్చాలు మాత్రం అతని కొట్టులోనే కొనాలి. గోధుమపిండి, బియ్యం, పప్పు, నెయ్యి, బెల్లం, ఉప్పు, ఉర్లగడ్డలు, వంటచెరకు, అన్నీ అతని దగ్గరే. ఆ లాభంలోనే పాక అద్దె ముట్టిందన్నమాట. మన పూటకూళ్ళమ్మ అన్నం వండిపెట్టి డబ్బు పుచ్చుకునేది, అరుగు మీద పడకకు పుచ్చుకునేది కాదు. ఇక్కడ వండిపెట్టే పూటకూళ్ళమ్మ వుండదు, వండుకునేది మీరే. అదొక్కటే తేడా.

ఈ ఏర్పాటుకు కాగితం లేదు, సంతకం లేదు. కానీ రెండు వైపులా నియమం వుండేది. వెచ్చాలు వేరేచోట కొని ఇక్కడ పడుకుంటాననకూడదు. తెల్లారి వెళ్ళేటప్పుడు గిన్నెలు బూడిదతో తోమి అప్పగించాలి. చట్టీవాడు వచ్చినవాళ్ళను చోటు లేదని చీకట్లోకి తరమకూడదు. పైకి వెళ్ళేకొద్దీ సరుకు ధర పెరుగుతుంది. అక్కడికి పిండి అయినా ఉప్పు అయినా కంచరగాడిదల మీదా, మేకల వీపున కట్టిన చిన్న చిన్న సంచుల్లోనూ ఎక్కి రావాలి మరి. ''కింద అణాకి వచ్చింది పైన రెండణాలా?'' అని పోట్లాడే గృహిణులు అప్పుడూ వుండే వుంటారు లెండి!

దినచర్య ఎలా వుండేదో చెబుతాను. తెల్లవారుజామున మూడు నాలుగింటికే చట్టీ అంతా కదిలిపోతుంది. ''జై కేదార్, జై బదరీ విశాల్'' అనుకుంటూ చల్లపూట నడక. పది గంటల వేళ ఎండ ముదిరితే ఏదో చట్టీలో ఆగి వంట, భోజనం, కాస్త నడుం వాల్చడం. పొద్దు వాలాక మళ్ళీ నడక, దీపాల వేళకు ముందే రాత్రి చట్టీ. వినడానికి బాగుంది. కానీ పది మైళ్ళు కొండ ఎక్కి వచ్చాక మగవాళ్ళు కాళ్ళు చాపుకుంటే, ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్ళాలి, పొయ్యి రాజెయ్యాలి, పచ్చి పుల్లలు ఊది ఊది కళ్ళు ఎర్రబడాలి. పుణ్యం ఇద్దరికీ సమానమే, పని మాత్రం కాదు. మా అమ్మమ్మ ఈ మాట నవ్వుతూనే చెప్పేదిగానీ మర్చిపోయి మాత్రం చెప్పేది కాదు.

ఇంకో చిక్కు చెప్పేది. కేదారం దగ్గరికి వచ్చేసరికి పప్పు ఉడకదు! ఎంతసేపు మరిగినా గింజ గింజగానే వుంటుంది. ''శివుడికి మా పప్పు ఇష్టంలేదు కాబోలు'' అనుకున్నారట పాపం. కారణం ఇప్పుడు మనకు తెలుసు. కేదారం 11,700 అడుగులకు పైన వుంది. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మరుగుతున్నా చాలినంత వేడి వుండదన్నమాట. మన ప్రెషర్ కుక్కరు చేసే పని దీనికి సరిగ్గా తిరకాసు. మూత బిగించి ఒత్తిడి పెంచి నూరు డిగ్రీలు దాటిస్తుంది. అందుకే ఆ పైచట్టీల్లో పప్పు కన్నా రొట్టె, ఉర్లగడ్డ కూర నయం.

పడక సంగతి. వరసగా ఇరవై ముప్ఫైమంది. ఒక బెంగాలీ కుటుంబం, పక్కన గుజరాతీలు, వాళ్ళ పక్కన రాజస్థానీ ముసలమ్మలు, మూలన ఒక సాధువు. పాక ఒకటే అయినా పొయ్యిలు వేరు. ఎవరి మడి వాళ్ళది, ఎవరి పొయ్యి చుట్టూ గీత వాళ్ళది. అంటరానివాళ్ళని పేరు పెట్టినవాళ్ళకు ఆ పాక కింద చోటెక్కడిది? పుణ్యానికి వెళ్ళే దారిలో కూడా మనవాళ్ళు ఆ గీతలు మోసుకుపోయారు. అది దాచిపెట్టి చట్టీని మాత్రం పొగడటం సబబు కాదు. పొగ, ఈగలు, పిస్సులు, దగ్గులు, పసిపిల్లల ఏడుపులు. భాష తెలియకపోయినా పిల్లాడు ఏడిస్తే పక్కావిడ బెల్లం ముక్క పెట్టేదట. అలా మొదలైన స్నేహంతో ఇరవై రోజులు కలిసి నడిచినవాళ్ళున్నారు.

యాత్రికుల్లో ఆడవాళ్ళు, అందులోనూ వితంతువులు, చాలామంది వుండేవారు. ఊళ్ళో శుభకార్యానికి ఎదురు రావద్దన్న మనిషికి ఈ దారిలో అడ్డు చెప్పేవారు లేరు మరి. వివేకానందుల శిష్యురాలు సోదరి నివేదిత 1910లో జగదీశ్ చంద్ర బోసు దంపతులతో కలిసి ఈ యాత్ర చేసి దినచర్య రాసుకుంది. అంత చదువుకున్నావిడా, మా అమ్మమ్మలాంటి వానాకాలం చదువులావిడా ఆగింది ఆ చట్టీల దారిలోనే.

చట్టీలు కొట్టువాళ్ళవి అయితే, డబ్బు లేని సాధువులూ బీదవాళ్ళూ ఏం కావాలి? ఇక్కడ ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. స్వామి విశుద్ధానంద. ఎప్పుడూ నల్ల కంబళి కప్పుకుని తిరిగేవాడు కాబట్టి జనం కాలీ కమ్లీవాలా బాబా అన్నారు. 1880ల్లో ఋషికేశ్ కేంద్రంగా అన్నసత్రాలు, ధర్మశాలలు, చలివేంద్రాలు పెట్టించడం మొదలుపెట్టాడు. తన దగ్గర కంబళి తప్ప ఏమీ లేదు. కలిగినవాళ్ళను అడిగి లేనివాళ్ళకు పెట్టించాడు. లక్ష్మణ ఝూలా దగ్గర తాళ్ళ వంతెన మీద జనం ప్రాణాలు అరచేత పట్టుకుని దాటుతుంటే, కలకత్తా సేఠ్ సూరజ్‌మల్ ఝున్‌ఝున్‌వాలా ఖర్చుతో 1889లో ఇనుప తాళ్ళ వంతెన పడింది. అది 1924 వరదల్లో కొట్టుకుపోతే 1930లో మళ్ళీ కట్టారు. మన గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకు అన్నం పెడుతున్న రోజులూ ఇవే. దేశం ఆ కొసనా ఈ కొసనా దారినపోయేవాడి ఆకలి ఒక్కటే కదా.

చట్టీలో అసలు భయం దొంగలది కాదు. మొదటి భయం కలరా. హరిద్వారం మేళాల్లో పుట్టిన రోగం యాత్రికుల కాళ్ళతోనే కొండెక్కేది. 1892లో అలాగే జరిగింది. హరిద్వారంలో కలరా పుట్టిందని మేళా చెదరగొట్టారు, చెదిరిన జనంతో పాటు జబ్బు గఢ్వాల్ పల్లెలకు పాకింది. చట్టీ పక్కనే మలవిసర్జన, ఆ పక్కనే తాగేనీళ్ళు. ఇక కారణం వేరే వెతకాలా? సదాబర్త్ సొమ్ములో కొంత దారి వెంట ఆసుపత్రులకు పోయింది. క్రమంగా ఊటనీళ్ళు గొట్టాలతో చట్టీలకు తెచ్చారు. మనం ఇంట్లో నీళ్ళు కాచి తాగమని పిల్లల వెంట పడతామే, దాని విలువ ఆ దారిలో ఎందరి ప్రాణాలతో తెలిసిందో!

రెండో భయం చిరుతపులి. 1918 నుంచి 1926 దాకా రుద్రప్రయాగ చుట్టుపక్కల ఒక చిరుత మనుషులను మరిగింది. లెక్కకు వచ్చినవాళ్ళే 125 మంది. దాన్ని చివరకు కొట్టిన జిమ్ కార్బెట్ తర్వాత ఆ కథంతా పుస్తకంగా వేశాడు. అందులో చట్టీల సంగతులు రెండు వున్నాయి. ఆ రెండూ మీకు చెప్పాలి.

ఒకనాటి సాయంత్రం ఇరవైమంది యాత్రికులు దారిపక్క చిన్న కొట్టు దగ్గరికి వచ్చారు. కొట్టువాడు వెచ్చాలు ఇచ్చి, ''వెంటనే బయలుదేరండి, నాలుగు మైళ్ళలో చట్టీ వుంది, అక్కడైతే భయం లేదు. ఇక్కడికి పులి వస్తోంది'' అన్నాడు. వాళ్ళు అలిసిపోయి వున్నారు. ఇంక అడుగు వెయ్యలేం, ఈ అరుగు మీదే పడుకుంటాం అన్నారు. మాటా మాటా పెరుగుతుండగా మథుర నుంచి బదరికి పోతున్న ఒక సాధువు వచ్చాడు. ''ఆడవాళ్ళకు లోపల చోటివ్వు, మగవాళ్ళతో నేను అరుగు మీద పడుకుంటా, పులి వస్తే నోరు పట్టి చీల్చేస్తా'' అన్నాడు. సరేనని పదిమంది ఆడవాళ్ళు ఒంటిగది కొట్టులో తలుపు వేసుకున్నారు. పదిమంది మగవాళ్ళు అరుగు మీద వరసగా, నడుమ సాధువు. తెల్లారి చూస్తే నడుమ పడక ఖాళీ. దుప్పటి మీద నెత్తురు చుక్కలు. ఇటూ అటూ పడుకున్నవాళ్ళకు చప్పుడైనా తెలియలేదు.

రెండోది 1921 ఎండాకాలంలో. రుద్రప్రయాగకు రెండు మైళ్ళ ఇవతల గోలాబ్రాయి అనే చోట ఒక పండితుడి చట్టీ వుండేది. ఒక సాయంత్రం పదిమంది యాత్రికులు కాళ్ళు పుండ్లు పడి అక్కడికి చేరారు. ఎక్కడినుంచి వచ్చినవాళ్ళో తెలుసా? మద్రాసు నుంచి! అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఆఖరి రెండు మైళ్ళు భారమయ్యాయి. రుద్రప్రయాగ పోతే క్షేమంగా వుంటారని పండితుడు ఎంత చెప్పినా లేవలేకపోయారు. అప్పుడు ఆయన ఏం చేశాడు? తలుపులేని చట్టీలో పడుకోబెట్టడానికి మనసొప్పక తన ఇంట్లోకే తీసుకుపోయాడు. ఉన్నది ఒక్క గది. కిటికీ లేదు. పదకొండుమంది అందులో తలుపు బిగించుకున్నారు. ఉక్క భరించలేక అర్ధరాత్రి పండితుడు తలుపు తీసి బయట నిలబడి, అటూ ఇటూ స్తంభాలు పట్టుకుని గాలి పీల్చుకున్నాడు. అదే క్షణంలో చిరుత గొంతు పట్టింది. స్తంభాలు వదలకుండా రెండు కాళ్ళతో తన్ని దాన్ని మెట్ల కిందికి నెట్టాడు. అది మళ్ళీ ఎగిరి చెయ్యి చీల్చింది. లోపలి యాత్రికులు ఆయన గొంతులో గాలి గురగురమనడం విని, లోపలికి లాగి గడియ పెట్టారు. తెల్లారేదాకా పులి తలుపు గీరుతూనే వుంది, లోపలివాళ్ళు కేకలు పెడుతూనే వున్నారు.

పొద్దున ఆ మద్రాసు యాత్రికులే ఆయన్ను రుద్రప్రయాగలోని కాలీ కమ్లీ ఆసుపత్రికి మోసుకుపోయారు. మూడు నెలలు వెండి గొట్టంతో ఆహారం పోశారు. ఆరు నెలలకు ఇంటికి వచ్చేసరికి జుట్టు తెల్లబడింది. చివరకు 1926 మే నెల మొదట్లో ఆ పులిని కార్బెట్ కొట్టింది కూడా ఈ గోలాబ్రాయి మామిడిచెట్టు మీద కూర్చునే. పదకొండో రాత్రి తుపాకీ పేలగానే పండితుడు తలుపు తీసి, సాయం కావాలా అని కేకవేశాడు. జవాబు రాకపోయేసరికి గబుక్కున మూసేసుకున్నాడు. ఆ మనిషి గొంతు మీది గాయం తలుచుకుంటే, అసలు ఆ తలుపు తీయడమే ఎంత ధైర్యమో మీరే ఆలోచించండి. కార్బెట్ వేట గురించి మెచ్చుకునేవాళ్ళు చాలామంది. నాకు మాత్రం పేరులేని చట్టీగా వదిలేయకుండా, తన చోట ఆగినవాళ్ళ కోసం గొంతు పోగొట్టుకోబోయిన ఆ పండితుడే ఎక్కువ గుర్తుంటాడు.

మూడో భయం నీళ్ళు. 1893 సెప్టెంబరులో గోహనా అనే పల్లె దగ్గర కొండచరియ విరిగి బిరహీ గంగకు అడ్డంగా పడింది. సుమారు 900 అడుగుల ఎత్తున మట్టికట్ట, వెనక పెద్ద సరస్సు. బిరహీ గంగ అలకనందలో కలుస్తుంది, అలకనంద ఒడ్డున యాత్రదారి, చట్టీలు, శ్రీనగరం. పుల్‌ఫర్డ్ అనే ఇంజనీరు వెళ్ళి చూసి, కట్ట ఇప్పుడే తెగదు, మరుసటి ఏడు ఆగస్టులో నీళ్ళు పొర్లుతాయి అని లెక్కగట్టాడు. సరస్సు దగ్గరినుంచి హరిద్వారం దాకా టెలిగ్రాఫ్ తీగె వేశారు. నీళ్ళు ఎంత ఎత్తు దాకా రావచ్చో చూసి లోయ పొడుగునా గుర్తు రాళ్ళు పాతారు. వేలాడే వంతెనలు ముందే విప్పి పెట్టారు. 1894 ఆగస్టు 25న నీళ్ళు పొర్లడం మొదలై, ఆ అర్ధరాత్రి కట్ట తెగింది. శ్రీనగరం ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. మరి మనుషులో? పోయింది ఐదుగురు. అదీ ఒక ఫకీరు కుటుంబం. సరస్సు కిందినుంచి బలవంతాన పైకి పంపితే మళ్ళీ దిగివచ్చినవాళ్ళు. తక్కిన లోయ అంతా చెప్పిన మాట విని గుర్తు రాయికి పైన కూర్చుంది.

తర్వాత కాలం మారింది. మోటారు దారి కొండలోకి కొంచెం కొంచెంగా ఎక్కింది. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యం కోసం రోడ్లు వేగంగా పడ్డాయి. 1960లు ముగిసేసరికి బస్సు బదరి గుమ్మం దాకా పోయింది. నెలన్నర నడక కొద్ది రోజుల ప్రయాణమైంది. మంచిదే, ఎందరో ముసలివాళ్ళకు దర్శనం దొరికింది. కానీ నాలుగు మైళ్ళకొక చట్టీతో బస్సుకేం పని? పొయ్యిలు చల్లారాయి. పాకలు కూలాయి. పేర్లు మాత్రం మైలురాళ్ళ మీద మిగిలాయి. 1970 జులైలో అలకనంద మళ్ళీ పొంగింది. గోహనా సరస్సులో మిగిలిన భాగం కూడా అప్పుడే పోయింది. బదరీ దారిలో బేలాకూచీ అనే మజిలీ బస్సులతో సహా కొట్టుకుపోయింది.

ఆ తర్వాతది మీకందరికీ తెలుసు. గౌరీకుండానికీ కేదారానికీ నడుమ రామ్‌బాడా అని పాత చట్టీ వుండేది. నడిచేవాళ్ళకు సగం దారి మజిలీ. నాలుగు పాకల చోట మెల్లగా నది అంచునే హోటళ్ళు, దుకాణాలు లేచాయి. 2013 జూన్ 16, 17 తేదీల్లో కుండపోత వానకు తోడు కేదారం పైన చోరాబారీ సరస్సు తెగింది. రామ్‌బాడా ఆనవాలు లేకుండా పోయింది. ఆ రెండు రోజుల్లో ఆ కొండల్లో పోయినవాళ్ళు ఐదు వేలకు పైమాటే. మన తెలుగువాళ్ళూ ఎందరో చిక్కుకున్నారు. కొన్ని ఇళ్ళకు కబురు రాలేదు, మనిషీ రాలేదు. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని పేర్ల జాబితా చదివిన తల్లులు ఈ మాటలు వింటూ వుండవచ్చు.

1894లో ఐదుగురు, 2013లో వేలమంది అని పక్కపక్కన పెట్టి, పాతవాళ్ళే గొప్పవాళ్ళనడం నా ఉద్దేశం కాదు. అప్పటి సరస్సు ఏడాది గడువిచ్చింది. ఇప్పటిది గడియ కూడా ఇవ్వలేదు. చిన్న చట్టీగా వున్నప్పుడూ రామ్‌బాడా నది పక్కనే వుండేది. కానీ అప్పుడు ఒక రాత్రికి అక్కడ పడుకునేది కొద్దిమంది. వాళ్ళు కూడా మేఘం చూసి, చట్టీవాడి ముఖం చూసి బయలుదేరేవాళ్ళు. ''ఇవాళ వద్దమ్మా, రేపు పొండి'' అని అతనంటే ఆగేవాళ్ళు. మనకు ఆగే తీరిక పోయింది. బుధవారం దర్శనం, గురువారం తిరుగు బస్సు, శనివారం రైలు, సోమవారం ఆఫీసు. టిక్కెట్లు ముందే కొన్నాం కదా, వానకోసం ఎలా ఆగుతాం అంటాం. చూడండి, ఇరవైమంది యాత్రికులు కొట్టువాడి మాట వినకపోతే ఒక సాధువు పోయాడు. ఫకీరు కుటుంబం గుర్తు రాయి మాట వినకపోతే ఆ కుటుంబం పోయింది. రాత్రి బస అంటే గోడలూ కప్పూ ఒక్కటే కాదు. ఆ కొండనూ, ఆ నీటినీ ఎరిగిన మనిషి ఒకడు మనకు మాట చెప్పడం, మనం వినడం, ఈ రెండూ వుంటేనే అది బస.

మరి ఇప్పుడు వెళ్ళేవాళ్ళు ఏం చెయ్యాలి? వెళ్ళవద్దని నేననను. ఇప్పుడు కొండకు బయలుదేరే ముందే పేరు నమోదు చేయించుకోవాలి, విసుక్కోకుండా చేయించండి. రేపు వెతకవలసి వస్తే ఆ పేరే ఆధారం. గౌరీకుండం నుంచి నడిచేవాళ్ళకు 2013 తర్వాత దారి మారింది. రామ్‌బాడా దగ్గర నది దాటి అవతలి గట్టున లించౌలీ మీదుగా ఎక్కే దారి వేశారు. తిరుగు టిక్కెట్టుకు నడుమ ఒకటి రెండు రోజులు ఖాళీ వుంచుకోండి. ఆ రోజులు వృథా అనుకోకండి, అవే మీ చట్టీలు. కంబళి, వానకోటు, మందులు, కాచిన నీళ్ళు, నాలుగు బెల్లం ముక్కలు సంచీలోనే వుంచుకోండి. పక్క మనిషి ఏ భాష మాట్లాడినా పలకరించండి. పైకి వెళ్ళాక ఆయాసం వచ్చినా, తల తిరిగినా మొండికేసి ఎక్కకుండా ఆగండి. స్థానికులు వద్దన్న పూట కదలకండి.

మా అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ తెచ్చిన గంగ చెంబు మా పూజగదిలో ఇప్పటికీ వుంది. ఎవరైనా యాత్రకు బయలుదేరి ఆశీర్వాదం అడిగితే, ''దర్శనం బాగా జరగాలి'' అనేది కాదు ఆవిడ. ''పొద్దుండగానే చట్టీ చేరండి'' అనేది. అప్పుడు అదేం దీవెన అనుకునేదాన్ని. ఇప్పుడు మా పక్కింటావిడ బయలుదేరుతోంది. ఆవిడతో నేనూ ఆ మాటే అన్నాను.